ఉంగరం మీద ముద్ర బంగారానికే: నీలం, వజ్రాల ఉంగరాలు కొనేటప్పుడు హాల్‌మార్క్ చెప్పేదెంత?

క్లుప్తంగా: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హాల్‌మార్క్ ఉంగరంలోని బంగారం స్వచ్ఛతకు మాత్రమే పూచీ. అందులో పొదిగిన వజ్రం భూమిలోంచి తీసిందా, ల్యాబ్‌లో పెంచిందా, నీలానికి రంగు సహజంగా వచ్చిందా, కొలిమిలో వచ్చిందా అన్నవి ఆ ముద్ర చెప్పదు. నిశ్చితార్థపు ఉంగరంలో డబ్బు ఎక్కువగా రాయికే పోతుంది కాబట్టి హాల్‌మార్క్, రాయి రిపోర్టు, నికర బరువు విడిగా రాసిన బిల్లు దేనికదే సరిచూసుకోవాలి.

గొలుసులు, గాజులు కొనడంలో తెలుగు కుటుంబాలకు తరాల అనుభవం ఉంది. ఆ రోజు రేటు, బరువు, తరుగు, మజూరీ వేసి నోటిమీదే లెక్క తేల్చేస్తారు. రాళ్ల ఉంగరం దగ్గర ఆ లెక్క సరిపోదు. నాలుగు గ్రాముల లోహం మీద లక్షల విలువైన రాయి ఉన్నప్పుడు బంగారం రేటు ఎంతో తెలిసినంత మాత్రాన ఉంగరం విలువ తెలియదు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటాక దుకాణాలు తక్కువ క్యారట్ల బంగారాన్ని, ల్యాబ్ వజ్రాలను ఎక్కువగా ముందుకు తెచ్చాయి. దాంతో కొనేవాళ్లకు ఎదురయ్యే పేర్లు, ముద్రలు, సర్టిఫికెట్లు ఒక్కసారిగా పెరిగాయి.

### ముద్రలో ఏముంటుంది

బంగారు నగలకు బీఐఎస్ హాల్‌మార్కింగ్ 2000లో స్వచ్ఛంద పథకంగా మొదలైంది. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. ఆ తర్వాత దశలవారీగా మరిన్ని జిల్లాలకు విస్తరించింది. 2021 జులైలో ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత ఈ సంఖ్య లేని నగను తప్పనిసరి జిల్లాల్లోని దుకాణాలు అమ్మకూడదు.

ఇప్పుడు ఉంగరం లోపలి వైపు మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ త్రికోణపు చిహ్నం, స్వచ్ఛత, హెచ్‌యూఐడీ. స్వచ్ఛతను 22కె916, 18కె750, 14కె585 అన్నట్టు రాస్తారు. 750 అంటే వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారం. 2025 జులైలో 9 క్యారట్లు, అంటే 375 కూడా ఈ జాబితాలో చేరింది. పాత నగల మీద నాలుగు గుర్తులు కనిపిస్తే అవి నకిలీవని కాదు. అప్పట్లో పరీక్షా కేంద్రం గుర్తు, నగల వ్యాపారి గుర్తు విడిగా వేసేవారు. ‘కేడీఎం’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది అతుకు వేయడానికి కాడ్మియం వాడే పద్ధతి పేరే తప్ప స్వచ్ఛతకు కొలమానం కాదు. కాడ్మియం పొగ కంసాలి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వ్యాపారి రిజిస్ట్రేషన్, పరీక్షించిన కేంద్రం, తేదీ, స్వచ్ఛత, వస్తువు రకం కనిపిస్తాయి. చాలామంది సంఖ్య తెర మీద కనపడగానే తృప్తిపడి యాప్ మూసేస్తారు. అసలు చూడాల్సింది వస్తువు రకం. చేతిలో ఉంగరం ఉండగా యాప్ ‘చెవి కమ్మలు’ అని చూపిస్తే ఆ సంఖ్య మరో నగ నుంచి తెచ్చిందన్నమాట. ఒక నిజమైన సంఖ్యను పది నగల మీద చెక్కడమే నకిలీలు చేసేవాళ్లకు సులువైన దారి. దాన్ని పట్టించేది ఈ వివరమే.

### ముద్ర వెనక పరీక్ష

పరీక్షా కేంద్రానికి వచ్చిన నగలను ముందుగా ఎక్స్-కిరణాలతో లోహాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం కింద పెడతారు. ఇది నగను పాడుచేయదు, నిమిషంలోపే ఫలితం ఇస్తుంది. కానీ చూసేది పైపొరను, అదీ కొన్ని మైక్రాన్ల లోతు వరకే. అందుకే లాట్‌లోంచి నమూనాలు తీసి ఫైర్ అస్సే చేస్తారు. తూచిన నమూనాకు వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో ప్రత్యేకమైన మూసలో కరిగిస్తారు. సీసం, రాగి వంటివి ఆక్సైడ్లుగా మారి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను రేకుగా సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం మిగులుతుంది. మొదటి బరువుతో దీన్ని పోల్చితే స్వచ్ఛత తేలుతుంది. గీటురాయి కంటే, ఎక్స్‌ఆర్‌ఎఫ్ కంటే దీన్నే ఎక్కువగా నమ్మడానికి కారణం ఇది లోహాన్ని లోపలి నుంచి తూయడమే.

దుకాణంలో కౌంటర్ మీదున్న ‘క్యారట్ మీటర్’ కూడా ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రమే. తెల్ల బంగారపు ఉంగరం మీద రోడియం అనే తెల్లని లోహపు పూత ఉంటుంది. పూతను దాటి చూడలేనప్పుడు యంత్రం చూపే అంకెలో రోడియం కూడా కలుస్తుంది. పూత ఉన్న ఉంగరాన్ని ఒక్కచోట చూసి తేల్చేయకూడదు. లోపలి అంచున, అతుకు దగ్గర కూడా చూడాలి.

అనుమానం ఉంటే కొన్నవాళ్లే స్వయంగా బీఐఎస్ గుర్తింపు పొందిన కేంద్రానికి వెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు వస్తువుల వరకు రుసుము 200 రూపాయలు, పన్ను అదనం. హాల్‌మార్క్ వేయడానికి కేంద్రం వ్యాపారి దగ్గర తీసుకునేది ఒక్కో బంగారు వస్తువుకు 45 రూపాయలు, పన్ను అదనం. ‘హాల్‌మార్క్ చార్జీలు’ అని బిల్లులో వందలు కనిపిస్తే అడగాల్సిందే.

### ముద్ర పడని ఉంగరాలు

రెండు గ్రాముల కంటే తక్కువ బరువున్న వస్తువులకు హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. గొలుసులకు ఇది వర్తించే సందర్భాలు అరుదు. సన్నని రింగు మీద ఒక చిన్న వజ్రం పెట్టిన 14 లేదా 18 క్యారట్ల ఉంగరం మాత్రం సులువుగా ఈ గీతకు దిగువనే ఉంటుంది. ముద్ర లేనంత మాత్రాన అది మోసం కాదు. అలాంటప్పుడు స్వచ్ఛతను, నికర బరువును బిల్లు మీద రాయించుకోవడం తప్ప వేరే రక్షణ లేదు. ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే దుకాణాలకు, కుందన్, పోల్కీ, జడావు నగలకు కూడా ఈ నిబంధన వర్తించదు.

ప్లాటినం ఉంగరాల పరిస్థితి వేరు. బంగారానికి ఉన్న తప్పనిసరి నిబంధన ప్లాటినానికి లేదు. లోపల కనిపించే ‘పీటీ950’ ముద్ర, దాంతో ఇచ్చే కార్డు ప్లాటినం గిల్డ్ ఇంటర్నేషనల్ స్వచ్ఛంద పథకం కింద వచ్చేవి. వెయ్యికి 950 పాళ్లు ప్లాటినం అని దాని అర్థం. ప్లాటినం సాంద్రత ఎక్కువ కావడంతో అదే నమూనా ఉంగరం 18 క్యారట్ల బంగారంలో కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ తూగుతుంది. గ్రాము ధరలు పోల్చినంత మాత్రాన ఉంగరాల ధరలు పోల్చినట్టు కాదు.

### 22 క్యారట్లే ఎందుకు కాదు

916 మీద మన ఇళ్లలో ఉన్న నమ్మకం బలమైనది. కానీ రాయిని పట్టి ఉంచేది సన్నని లోహపు పళ్లు, అంటే ప్రాంగ్‌లు. 22 క్యారట్ల బంగారం మెత్తగా ఉండటంతో చీర కొంగు తగిలినా, సంచి పట్టీ లాగినా ప్రాంగ్ కాస్త లేస్తుంది. మరో రెండుసార్లు తగిలితే రాయి ఊడి పడుతుంది. 18 క్యారట్లలో కలిసే 250 పాళ్ల రాగి, వెండి, పల్లాడియం వంటి లోహాలు దాన్ని గట్టిపరుస్తాయి. 14 క్యారట్లది ఇంకా గట్టిది. వజ్రాల నగలు ప్రపంచమంతటా 18, 14 క్యారట్లలో చేయడానికి ముఖ్య కారణం ఇదే. 22 క్యారట్లలోనే కావాలనుకుంటే రాయి చుట్టూ లోహపు అంచు ఉండే బెజెల్ పొదుగు కొంత నయం.

తెల్ల బంగారం సహజంగా వెండిలా మెరవదు, కాస్త పసుపు ఛాయ ఉంటుంది. ఆ తెలుపు రోడియం పూత వల్ల వచ్చేది. రోజూ పెట్టుకుంటే ఏడాది రెండేళ్లలో అరిగి మళ్లీ పూత వేయించాల్సి వస్తుంది.

### బిల్లులో జారిపోయే బరువు

బంగారంలో క్యారట్ స్వచ్ఛతకు, రాళ్లలో బరువుకు కొలత: ఒక క్యారట్ రాయి 0.2 గ్రాములు. రెండు క్యారట్ల నీలం, చుట్టూ 30 సెంట్ల (0.30 క్యారట్ల) చిన్న వజ్రాలున్న ఉంగరం మొత్తం బరువు 4.60 గ్రాములు అనుకుందాం. రాళ్ల బరువు 2.3 క్యారట్లు, అంటే 0.46 గ్రాములు. బంగారం నికరంగా 4.14 గ్రాములు. లెక్క తేలిక కోసం 24 క్యారట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే 18 క్యారట్లది 7,500. మొత్తం బరువు మీద రేటు కడితే 3,450 రూపాయలు అదనంగా పోతాయి. రాళ్లకు ఒకసారి రాళ్లుగా, మరోసారి బంగారంగా రెండుసార్లు చెల్లించినట్టు. పొరపాటునో, కావాలనో 22 క్యారట్ల రేటు వేస్తే ఆ 4.14 గ్రాముల మీద మరో 6,872 రూపాయలు పెరుగుతాయి. నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ రుసుము బిల్లులో విడిగా చూపాలని బీఐఎస్ నిబంధన ఉన్నది ఇందుకే.

స్వచ్ఛత తగ్గితే కొన్నవారికి వచ్చే పరిహారం కూడా చట్టంలోనే ఉంది. 2018 బీఐఎస్ నియమాల ప్రకారం తగ్గిన స్వచ్ఛత విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చులు ఇవ్వాలి. పై ఉంగరంలో 750 ఉండాల్సిన చోట 735 తేలిందనుకుందాం. తగ్గిన మేలిమి 0.0621 గ్రాములు, విలువ 621 రూపాయలు, పరిహారం 1,242. అదే ఉంగరంలో సహజ నీలం బదులు కృత్రిమ నీలం ఉంటే నష్టం వేలల్లో, లక్షల్లో ఉంటుంది. దానికి ఇలాంటి ముద్రా లేదు, సిద్ధంగా ఉన్న సూత్రమూ లేదు. బిల్లులో రాసిన మాటలను, ల్యాబ్ రిపోర్టును పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమే మార్గం. బిల్లులో ‘నీలం రాయి’ అని మాత్రమే ఉంటే కేసు అక్కడే బలహీనపడుతుంది. ‘సహజ నీలం, ఇన్ని క్యారట్లు, ఫలానా రిపోర్టు సంఖ్య’ అని ఉండాలి.

### వజ్రం: పెన్ను పరీక్షతో తేలనిది

దుకాణంలో పెన్నులాంటి టెస్టర్ పెట్టి ‘బీప్’ వినిపిస్తారు. అది చూసేది రాయి వేడిని ఎంత వేగంగా ప్రసరింపజేస్తుందన్నది. ల్యాబ్ వజ్రం కూడా నూటికి నూరుపాళ్లు కార్బన్ స్ఫటికమే కాబట్టి దానికీ అదే శబ్దం వస్తుంది. వజ్రంలా కనిపించే మాయిసనైట్ అనే వేరే రాయి కూడా ఆ పరీక్షను దాటేస్తుంది. సహజమా, ల్యాబ్‌దా తేల్చడానికి రాయిలోంచి వచ్చే వెలుగును విశ్లేషించే స్పెక్ట్రోస్కోపీ కావాలి.

ల్యాబ్ వజ్రాలను రెండు పద్ధతుల్లో పెంచుతారు. హెచ్‌పీహెచ్‌టీలో భూగర్భాన్ని తలపించే ఒత్తిడి, వేడి వాడతారు. సీవీడీలో మీథేన్ వంటి వాయువు నుంచి కార్బన్‌ను పొరలుగా పేరుస్తారు. సీవీడీ రాళ్లు సాధారణంగా నత్రజని దాదాపు లేని టైప్ 2ఏ తరగతివి. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల నుంచి వెళ్లిన పేరున్న గోల్కొండ వజ్రాలదీ అదే తరగతి. ఒకప్పుడు అరుదైన మేలిమికి గుర్తుగా చెప్పుకున్న ఆ లక్షణమే ఇవాళ ల్యాబ్‌లో ‘ఇంకాస్త పరీక్షించండి’ అనే హెచ్చరికగా మారింది.

ల్యాబ్ వజ్రం నకిలీ కాదు. గట్టిదనం, మెరుపు ఒకటే. తేడా ధర నిలబడటంలో ఉంది. యంత్రాలు పెరిగిన కొద్దీ సరఫరా పెరుగుతుంది, కొన్నేళ్లుగా ధర పడుతూనే వస్తోంది. తిరిగి కొనే షరతు ల్యాబ్ రాళ్లకు చాలా చోట్ల ఉండదు. పెద్ద రాయి, తక్కువ ఖర్చు కావాలనుకునేవారికి అది సరైన ఎంపికే, దాన్ని ఆస్తిగా లెక్కేయనంత వరకు. రాళ్లను పరీక్షించి రిపోర్టులిచ్చే జీఐఏ సంస్థ 2025 అక్టోబర్ 1 నుంచి ల్యాబ్ వజ్రాలకు పాత రంగు, స్పష్టత శ్రేణులు మానేసి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అనే రెండు తరగతులే ఇస్తోంది. అలాంటిదే మరో సంస్థ ఐజీఐ మాత్రం పూర్తి శ్రేణులను కొనసాగిస్తోంది. ఒక ల్యాబ్ రిపోర్టును మరో ల్యాబ్‌ దానితో నేరుగా పోల్చకూడదు.

శ్రేణుల్లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది స్పష్టత, రంగు మీద. మన దుకాణాల్లో ‘వీవీఎస్, ఈఎఫ్’ అనే మాట మంత్రంలా వినిపిస్తుంది. వీవీఎస్, వీఎస్ అంటే లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పే స్పష్టత శ్రేణులు; ఈ, ఎఫ్, జి, హెచ్ రంగు శ్రేణులు. 30 సెంట్ల రాయిలో వీవీఎస్‌కూ వీఎస్‌కూ తేడా పదింతల భూతద్దం లేకుండా తెలియదు. పసుపు బంగారంలో పొదిగితే జి, హెచ్ రంగులు తెల్లగానే కనిపిస్తాయి. మెరుపును నిర్ణయించేది కోత. కోణాలు తప్పితే పైనుంచి పడిన వెలుగు అడుగునుంచి జారిపోతుంది, రాయి మధ్యలో చచ్చినట్టు కనిపిస్తుంది. గుండ్రని వజ్రంలో కోత శ్రేణి ‘ఎక్సలెంట్’ ఉందో లేదో చూశాకే మిగతావి చూడాలి. బరువు రెండింతలైతే వ్యాసం 26 శాతమే పెరుగుతుంది: అర క్యారట్ 5.1 మి.మీ. పైచిలుకు, ఒక క్యారట్ 6.5 మి.మీ. దగ్గర. ధర మాత్రం ఒక క్యారట్ గీత దగ్గర ఒక్కసారిగా ఎగురుతుంది. 0.92 క్యారట్ల రాయి కంటికి ఇంచుమించు అంతే ఉంటుంది, ధరలో బాగా కలిసొస్తుంది.

పొదిగాక ఇచ్చే నగ రిపోర్టులో బరువు, స్పష్టత ‘అమరిక అనుమతించినంత మేరకు’ వేసిన అంచనాలే. మధ్య రాయికి పొదగక ముందు తీసిన విడి రిపోర్టు అడగాలి. రాయి నడుము మీద లేజర్‌తో చెక్కిన సంఖ్యను భూతద్దంలో చూసి, రిపోర్టుతోనూ ల్యాబ్ వెబ్‌సైట్‌తోనూ సరిపోల్చాలి.

### నీలం: రంగు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ధర

నీలం, కెంపు, కనక పుష్యరాగం మూడూ కురువిందం అనే ఒకే ఖనిజం, అల్యూమినియం ఆక్సైడ్. ఇనుము, టైటానియం కలిస్తే నీలం రంగు వస్తుంది. 1981లో బ్రిటన్ యువరాణి డయానాకు ఇచ్చిన ఉంగరంలో 12 క్యారట్ల సిలోన్ (శ్రీలంక) నీలం చుట్టూ 14 వజ్రాలున్నాయి. 2010లో అది కేట్ మిడిల్టన్ చేతికి చేరాక ఆ నమూనా మరోసారి ప్రపంచమంతా పాకింది. తెలుగు ఇళ్లలో నీలం శని రత్నం. జాతకం చూపించకుండా పెట్టుకోకూడదనే పట్టింపు బలంగా ఉన్నచోట నిశ్చితార్థపు ఉంగరానికి పుష్యరాగమో, వజ్రమో తీసుకుంటారు.

ఈ నమ్మకానికి ఒక ఆర్థిక పర్యవసానం ఉంది. జ్యోతిషం కోసం కొనేవారు వేడి చేయని రాయి కావాలంటారు. మార్కెట్లోని నీలాల్లో అత్యధికం వేడి చేసినవే. దాదాపు 1,600 డిగ్రీలు, ఆపైన కాలిస్తే లోపలి సూదుల్లాంటి రుటైల్ ఖనిజం కరిగి రాయి తేటబడుతుంది, రంగు ముదురుతుంది. ఇది శాశ్వతం, వ్యాపారంలో అంగీకృతం. వేడి చేయని మేలి రాయి అరుదు కాబట్టి ధర ఎన్నో రెట్లు ఉంటుంది. దుకాణదారు మాట కాక, రిపోర్టులో వేడి చేసిన ఆనవాళ్లు లేవని స్పష్టంగా ఉండాలి. బరువు పాత తూకమైన రత్తిల్లో చెబితే క్యారట్లలో రాయించుకోవాలి, రత్తి లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు.

వేడి వేరు, మిగతా చికిత్సలు వేరు. బెరీలియం చొప్పించి పసుపు, నారింజ రంగులు తెప్పిస్తారు. పుష్యరాగం కొనేవారికి ఇది ముఖ్యం. టైటానియం చొప్పిస్తే నీలిరంగు పైపొరకే పట్టి, సానపెడితే పోతుంది. పగుళ్లలో కోబాల్ట్ కలిపిన సీసపు గాజు నింపిన రాళ్లు అన్నింటికంటే బలహీనం. నిమ్మరసం కూడా ఆ గాజును తినేస్తుంది. జ్వాలతో రాయిని పెంచే వెర్నూయ్ పద్ధతి 1902 నుంచీ ఉంది. అలాంటి కృత్రిమ నీలం నిజమైన కురువిందమే కాబట్టి గట్టిదనపు పరీక్షలో పట్టుబడదు. భూతద్దంలో వంపు తిరిగిన పెరుగుదల గీతలు కనిపిస్తే అనుమానించాలి.

కంటితో చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. విడి రాయిని అచ్చు అక్షరాల మీద బోర్లించకుండా పెట్టి చూడాలి. మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే కోత లోతు చాలలేదన్నట్టు. వేలికి పెట్టుకున్నాక మధ్యలో చర్మం కనిపించడమూ అదే లోపం. షోరూమ్ స్పాట్‌లైట్ల కింద మెరిసే నీలం ఇంటి పసుపు దీపం కింద నల్లగా మారవచ్చు. గుమ్మం దగ్గర పగటి వెలుగులో, తర్వాత మామూలు బల్బు కింద రెండుచోట్లా చూడాలి. నీలం సాంద్రత వజ్రం కంటే ఎక్కువ (4.0, 3.52) కాబట్టి ఒకే క్యారట్ బరువులో చిన్నగా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బరువు కాక మిల్లీమీటర్లు చూడాలి.

### విదేశాల్లో కొన్నా, తీసుకెళ్లినా

అమెరికాలో ప్రభుత్వ హాల్‌మార్క్ లేదు. ‘14కె’ ముద్ర తయారీదారు స్వయంగా వేసుకునేది. ఆ ముద్ర వేస్తే పక్కన తన ట్రేడ్‌మార్క్ కూడా ఉండాలని చట్టం. ఆ రెండో గుర్తు లేని ఉంగరాన్ని ఇక్కడ మార్చుకోబోతే దుకాణం తన పరీక్ష మీదే ఆధారపడుతుంది. బ్రిటన్‌లో 1973 చట్టం కింద లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరోల్లోని అస్సే ఆఫీసులు (లోహ పరీక్షా కేంద్రాలు) ముద్ర వేస్తాయి. ప్లాటినం కూడా దాని కిందికే వస్తుంది. అక్కడ మినహాయింపు బంగారానికి ఒక గ్రాము, ప్లాటినానికి అర గ్రాము లోపే. మన రెండు గ్రాముల గీతతో పోలిస్తే సన్నని ఉంగరాలు కొనేవారికి అక్కడ రక్షణ ఎక్కువ. ఈ గీతను ఇక్కడా తగ్గించడం అవసరం, తేలికపాటి వజ్రాల ఉంగరాలే ఎక్కువగా అమ్ముడవుతున్న కాలమిది.

### సైజు మార్చేటప్పుడు

వేలికి బిగుతైందనో వదులైందనో రింగును కోసి అతికేటప్పుడు నష్టం ఎక్కువగా జరుగుతుంది. బ్లోలాంప్ వేడికి వజ్రం ఉపరితలం కాలి మసకబారకుండా బోరిక్ యాసిడ్ పూస్తారు. నీలం విషయంలో అదే తప్పు. వేడిలో బొరాక్స్, బోరిక్ పూతలు నీలం ఉపరితలాన్ని తినేసి గుంటలు చేస్తాయి. గాజు నింపిన రాయి అయితే పూర్తిగా పాడవుతుంది. రాయి తీసి పని చేయమనాలి, లేదా వేడి ఒక్కచోటే తగిలే లేజర్ వెల్డింగ్ ఉన్నచోటికి వెళ్లాలి. కోత హెచ్‌యూఐడీ ఉన్నచోట పడకుండా ముందే చూపించాలి. ఆ సంఖ్య, రాయి నడుము మీది సంఖ్య ఫోటో తీసి, ఉంగరం బరువు రసీదు మీద రాయించి ఇవ్వాలి. తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ తూచి, రెండు సంఖ్యలూ సరిపోయాయని చూసుకున్నాకే మజూరీ చెల్లించాలి.